పద్నాలుగో నంబరు ఖాళీ

పరాయి దేశంలో, ఊరి శివారు టకానినిలో కొత్తగా వెలసిన ఆ వీధికి ఇంకా చెట్లు రాలేదు గానీ వాట్సాప్ గ్రూపు మాత్రం వచ్చేసింది. వీధిలో ఆరిళ్లు తెలుగువాళ్లవి. ఆ ఆరిళ్లకీ పెద్దదిక్కు వీరరాఘవయ్యగారు. గోదావరి కాలవల మీద ముప్ఫై ఏళ్లు ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరై, కొడుకు దగ్గరికొచ్చి, ఇక్కడ అజమాయిషీ చెయ్యడానికి ఒక్క కాలవైనా లేక దిక్కు తోచకుండా తిరుగుతున్న మనిషి. 2016 మే నెలలో ఒక గురువారం మధ్యాహ్నం ఫోన్లలో ఉరుముల తుపాను హెచ్చరిక రాగానే ఆయనకి పదేళ్ల వయసు తగ్గిపోయింది. పడమర నుంచి వస్తున్న మబ్బుల్లో చిన్నపాటి టోర్నడోలు కూడా పుట్టవచ్చని అందులో ఉంది. టోర్నడో అంటే ఏమిటో ఆయనకి తెలీదు. తుపాను డ్యూటీ మాత్రం కొట్టిన పిండి.

"ఎనిమిదింటికి అందరూ హాజరు చెప్పాలి. ఇంటి నంబరు, మనుషుల లెక్క. ఈ రాత్రి దేవుడి బొమ్మలూ గుడ్ నైట్ పువ్వులూ పెట్టినవాళ్లని గ్రూపులోంచి తీసేస్తాను," అని వాయిస్ మెసేజీ పంపించారు.

ఏడున్నరకే కరెంటు పోయింది. పన్నెండో నంబరు ఇంట్లో శకుంతల కొవ్వొత్తి వెలిగించి సోఫాలో కూచుంది. ఆమె భర్త రామమోహన్ పక్కనే కూచుని ఫోన్లో వాన రాడార్ చూస్తున్నాడు. ఎనిమిదింటికి హాజరు మొదలైంది. ఆరో నంబరు ముగ్గురు. తొమ్మిదో నంబరు నుంచి విఠల్, "ఒక్కణ్ణే సార్, నేనూ నా బిర్యానీ" అన్నాడు. బిర్యానీని లెక్కలోకి తీసుకోనన్నారు వీరరాఘవయ్యగారు. పన్నెండో నంబరు ఇద్దరు. పద్నాలుగు నుంచి జవాబు లేదు.

"నవీనా, ఉన్నావా అమ్మా?" అని ఆయన రెండోసారి అడిగారు.

శకుంతల ఫోనందుకుని టైపు చేసింది. "పద్నాలుగు ఖాళీ అంకుల్. నవీన పాపని తీసుకుని వెల్లింగ్టన్ వెళ్ళిపోయింది."

"మంచిది. ఒక ఇంటి బెంగ తీరింది," అని ఆయన ఆ నంబరు కొట్టేశారు.

సాయంత్రం నాలుగింటికి ఆమె చూసిన మాట నిజమే. నవీన కారు డిక్కీలో సూట్‌కేసు పెట్టింది, ఆరేళ్ల సిరిని వెనకసీట్లో కూచోబెట్టింది, "వెళ్ళొస్తాం శకుంతలక్కా" అని చెయ్యూపింది. నవీన భర్త శశాంక్‌కి వెల్లింగ్టన్‌లో ఐటీ కాంట్రాక్టు. రెండు వారాలకోసారి అతను రావడమో, వీళ్లు వెళ్లడమో మామూలే. ఈ వాతావరణంలో విమానాలు ఎగురుతాయా అని అడుగుదామని శకుంతలకి నోటిదాకా వచ్చింది. మింగేసింది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు, వెనక్కి పిలవకూడదు. పాస్‌పోర్టు మారినా ఆ పట్టింపు మారలేదు. సరే, అడగలేదు, బాగానే ఉంది. కానీ ఖాళీ అని టైపు చేసేముందు లేచి పక్కింటి దాకా నాలుగడుగులు వెయ్యడానికి ఏ శాస్త్రం అడ్డొచ్చింది? ఏదీ అడ్డు రాలేదు. వెయ్యలేదు, అంతే.

మెసేజీ వెళ్ళిపోయాక ఆ అక్షరాలు చూడలేక ఫోను బోర్లా పెట్టింది. ఖాళీ అన్న మాట ఆమె ఇదివరకు ఒకసారి అంది.

తొంభై ఆరు నవంబరు తుపాను. కోనసీమలో సముద్రానికి రెండు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. శకుంతలకి పదిహేడేళ్లు. వాళ్లది డాబా, పక్కనే మంగాదేవిది పెంకుటిల్లు. మంగాదేవి మొగుడు పనిమీద కాకినాడ వెళ్ళాడు. మధ్యాహ్నం ఆమె తలుపుకి తాళం వేసి, మూట చంకన పెట్టుకుని బడివైపు నడవడం శకుంతల చూసింది. ఎక్కడికని అడగలేదు. చీకటి పడుతుండగా, జనాన్ని బడికి చేరవేస్తున్న మొగిలయ్య ట్రాక్టరు వేసుకొచ్చి, ఆ హోరుగాలిలో "ఈ ఇంట్లో ఎవరన్నా ఉన్నారా?" అని కేకేస్తే, కిటికీ సందులోంచి "ఖాళీ! వెళ్ళిపోయారు!" అని అరిచింది. ట్రాక్టరు తిరిగిపోయింది. కట్టేసిన దూడని విప్పడానికి మంగాదేవి మధ్యలో ఎప్పుడో వెనక్కి వచ్చి ఇంట్లో చిక్కుకుపోయిందని శకుంతలకి తెలీదు. రాత్రి కొబ్బరిచెట్టు కూలి ఆ ఇంటి గుమ్మానికి అడ్డంగా పడింది. ఆ తర్వాత తలుపు లోపల్నుంచి మోగడం మొదలుపెట్టింది. డాబాలో తలదాచుకున్న నలభైమందీ ఏదో కిటికీ రెక్క కొట్టుకుంటోందనుకున్నారు. కిటికీ పక్కన ఒదిగి కూచున్న శకుంతలకి ఒక్కదానికే, చప్పుడు వెనక ఎవరినో పిలుస్తున్న గొంతు కూడా వినిపించి, అది రెక్క కాదని తెలుసు. చెబితే, మరి వెళ్ళిపోయారని ఎందుకన్నావే అని నాన్న అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి జడిసి నోరు కుట్టేసుకుంది. తర్వాత నీళ్లొచ్చాయి. తలుపు చప్పుడు ఆగిపోయింది.

హైదరాబాదులో చదువుకుంటున్న మంగాదేవి తమ్ముడు మూడోరోజున దొరికిన లారీ పట్టుకుని ఊరికి చేరాడు. ఆ తమ్ముడే రామమోహన్. మూడేళ్ల తర్వాత అతని సంబంధం వచ్చినప్పుడు శకుంతల తల వంచుకుని సరేనంది. ఎందుకందో ఆమెకే సరిగ్గా తెలీదు. అక్క తిరిగిన వీధి పిల్లని చేసుకున్నానని అతను ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. గాలి రేగిన ప్రతి రాత్రీ అతనికి ఒకటే ప్రశ్న. ఖాళీ అని మొగిలయ్యకి చెప్పిన ఆడపిల్ల ఎవరు? చీకట్లో మొహం కనిపించలేదు, గొంతు ఎటునుంచి వచ్చిందో కూడా తెలీలేదన్నాడు మొగిలయ్య. గాలి రేగిన ప్రతి రాత్రీ శకుంతలకి తలుపు మోగుతుంది. ఆ చప్పుడు చెవిలోది కాదు, మనసులోది, ఊపిరి లెక్కపెట్టుకుంటూ పోనివ్వమని ఇక్కడి డాక్టరు చెప్పాడు. ఆమె అలాగే పోనివ్వడం నేర్చుకుంది. పాపం, చాలా బాగా నేర్చుకుంది.

"ఎర్రరంగు మనుకావ్ హార్బర్ దాటేసింది," అన్నాడు రామమోహన్ రాడార్ చూస్తూ. "ఇటే వస్తోంది శకూ."

గ్రూపు గోలగోలగా ఉంది. పక్కనున్న కరాకాలో తన దోస్తు ఇంట్లో పిల్లలు ఎగిరే ట్రాంపొలిన్ లేచి రోడ్డు మీద పడిందట అని విఠల్ పెట్టాడు. వీరరాఘవయ్యగారు అర్జునుడి పది పేర్లూ చదివి వాయిస్ మెసేజీ పంపారు. ఆరో పేరు దగ్గర పిడుగు పడి, మిగతా నాలుగూ ఆ చప్పుడులో కలిసిపోయాయి.

తొమ్మిదీ పదికి గాలి గొంతు మారింది. వీధికి అరమైలు దూరంలో రైలు పట్టాలున్నాయి. గూడ్సు బండేదో ఆ పట్టాలు వదిలేసి వీధిలోకే వచ్చినట్టయింది. ఇల్లు వణికింది. ఎక్కడో కలప విరిగింది, అద్దాలు పగిలాయి, పెద్ద రేకు ఏదో ఈడ్చుకుంటూ పోయింది. నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత వాన ధారాపాతంగా పట్టుకుంది.

వీరరాఘవయ్యగారు మళ్లీ హాజరు తీశారు. విఠల్ ఇంటి ఫెన్సు పోయింది. ఆరో నంబరువాళ్ల చెత్తడబ్బా కనపడ్డం లేదు. మనుషులందరూ క్షేమం. వైర్లు తెగి పడి ఉండొచ్చు, తెల్లవారేదాకా ఎవరూ గడప దాటవద్దని ఆయన ఆర్డరు వేశారు. పద్నాలుగో నంబరు సంగతి ఎవరూ అడగలేదు.

అప్పుడు శకుంతలకి తలుపు మోగింది.

ఠక్, ఠక్, ఠక్. ఆగింది. మళ్లీ ఠక్, ఠక్. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. వందదాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది. చప్పుడు పోలేదు. ఈసారి బాగా పట్టుకుందే అని తనని తనే తిట్టుకుంది. అలా ఇరవై నిమిషాలు గడిచాయి.

రామమోహన్ ఫోన్లోంచి తలెత్తాడు. "శకూ, ఏదో కొట్టుకుంటోంది. నీకు వినిపిస్తోందా?"

ఇరవయ్యేళ్లలో ఆ చప్పుడు ఇంకొకరి చెవిన పడటం అదే మొదలు. 

"పద్నాలుగు వైపు నుంచి," అన్నాడతను చెవి రిక్కించి. "ఏ తలుపో సరిగ్గా వేసుకోకుండా పోయుంటారు. పొద్దున్న చూద్దాంలే."

"ఓసారి... చూసొద్దామండీ."

"ఇంత వానలోనా? వైర్లు తెగాయంటుంటే? ఖాళీ ఇంటి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటామా? నువ్వే కదా వెళ్ళిపోయారన్నావు. చూశావుగా?"

చూశానంటే అతను కూచుంటాడు. చూడలేదంటే లేస్తాడు. కానీ చూడకుండా ఖాళీ అని చెప్పే ఆడమనిషి కోసం అతను ఇరవయ్యేళ్లుగా వెతుకుతున్నాడు. ఈ మాట విన్నాక అతని వెతుకులాట ఎక్కడికి వచ్చి ఆగుతుందో శకుంతలకి తెలుసు.  పక్కింట్లో మళ్లీ మోగింది, ఈసారి నీరసంగా.

"చూడలేదు," అంది. "కారు పోవడం చూశాను. తిరిగొచ్చిందో లేదో చూడలేదు. చూడకుండానే ఖాళీ అని చెప్పాను."

రామమోహన్ ఆమె వంక చూశాడు.  తర్వాత లేచి చెప్పుల కోసం వెతికాడు. ఆమె గ్రూపులో పెట్టింది. "పద్నాలుగు ఖాళీ కాదు. నేను చూడకుండా చెప్పాను. తప్పు నాదే. అందరూ రండి."

విఠల్ తన వ్యాన్‌లోంచి గడ్డపార తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. తన ఆర్డరు తనే ధిక్కరించి వీరరాఘవయ్యగారు లుంగీ మీద రెయిన్‌కోటు తొడుక్కుని టార్చిలైటుతో వచ్చారు. పద్నాలుగో నంబరు వంటింటి మీద కప్పు సగం లేచిపోయి ఉంది. వెనకవైపు అద్దాల తలుపు పగలగొట్టి లోపలికి పోతే, నేలంతా మడమల లోతు నీళ్లు. ఫ్రిజ్ పక్కకి ఒరిగి సామాన్ల గది తలుపుకి అడ్డంపడి ఉంది. ఆ తలుపు వెనకనుంచే చప్పుడు.

"సిరీ! మేం వచ్చాం!" అని అరిచింది శకుంతల. ఆ అరుపులో తన గొంతుని తనే గుర్తుపట్టలేకపోయింది.

మగవాళ్లు ముగ్గురూ కలిసి ఫ్రిజ్‌ని నెట్టి తలుపు తీశారు. నవీన గోడకి చేరబడి ఉంది, నుదుటి మీద చీరుకుపోయి మొహమంతా రక్తం. సిరి చేతిలో అప్పడాల కర్ర. కిందపెట్టమన్నా పెట్టలేదు.

"ఆంటీ, ఐ నాక్డ్ అండ్ నాక్డ్. నో వన్ కేమ్," అంది.

వాళ్లని వరండాలోకి తెచ్చిన అయిదు నిమిషాలకి లోపల పెద్ద చప్పుడయింది. వానకి నానిపోయిన సీలింగు పలకలు ఆ సామాన్ల గదిలోకే కూలాయి. వీరరాఘవయ్యగారు టార్చి అటు తిప్పి, చూసి, ఆర్పేశారు.

"ఫ్లైట్ కాన్సిల్ చేశారక్కా," అంది నవీన వణుకుతూ. "ఎయిర్‌పోర్టులో రెండున్నర గంటలు కూర్చోబెట్టి మరీ. ఇంటికొచ్చి కారు గరాజ్‌లో పెట్టామో లేదో పవర్ పోయింది. ఫోన్ అప్పటికే డెడ్. చీకట్లోనే సిరికి అన్నం పెట్టి, వాన తగ్గితే మీ ఇంటికి వద్దామని చూస్తుంటే ఈ గాలి."

"అక్కా, నువ్వు చెప్పకపోతే పొద్దుగాల దాక ఎవ్వలం రాకపోతుంటిమి," అన్నాడు విఠల్. మెచ్చుకోలుగానే అన్నాడు. శకుంతల సిరి తల తుడుస్తూ ఉండిపోయింది. రామమోహన్ కాస్త దూరంగా వానలో నిలబడి ఉన్నాడు. అంబులెన్సు వచ్చి వెళ్ళేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి కొవ్వొత్తి అయిపోయింది. ఇంకోటి వెలిగించలేదు ఎవరూ. అతను తడిబట్టలతోనే హాల్లో నేలమీద కూలబడ్డాడు. వాన సన్నబడింది. అప్పుడు అడిగాడు.

"మొగిలయ్య విన్న గొంతు నీదేనా?"

"నాదే."

అతను తిట్టలేదు, లేవలేదు.  ఇన్నాళ్లూ భయపడ్డ ప్రశ్న ఇదే, అయిపోయింది అనుకుంది శకుంతల. కాలేదు.

"చెట్టు పడగానే పోయిందన్నారు నాతో," అన్నాడతను. "నొప్పి కూడా తెలిసుండదన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్లు నిద్రపోయాను. నువ్వు పక్కింట్లోనే ఉన్నావు. నిజం చెప్పు శకూ. చెట్టు పడగానే పోయిందా?"

అవునంటే చాలు. అతను ఆ అవును కోసమే అడుగుతున్నాడని చీకట్లో కూడా ఆమెకి తెలుస్తోంది. తను చూడనివాటి గురించి ఇప్పటికి రెండుసార్లు గట్టిగా చెప్పింది. ఇది తను చెవులారా విన్నది.

"లేదు," అంది. "అర్ధరాత్రి దాటేదాకా తలుపు కొడుతూనే ఉంది."

 అతను చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు. "ఎవరినైనా పిలిచిందా?"

"మిమ్మల్నే," అంది శకుంతల. "మోహనా, మోహనా అని."