దగ్గరున్న చెయ్యి

పంజరం అడుగు పళ్ళెం కడిగి లోపలికి తోస్తుంటే చిలక ఆమె బొటనవేలు అందుకుంది. మామూలుగా అందుకోలేదు, ముక్కు దించి మెలిపెట్టింది. ఆమె అరవలేదు. లోపలి గదిలో కూతురు హోంవర్క్ చేసుకుంటోంది, హాల్లో అప్పుడే వచ్చిన భర్త బూట్లు విప్పుకుంటున్నాడు. నొప్పిని చప్పుడు కాకుండా మింగడం ఆమెకు ఎప్పుడో వంటబట్టిన విద్య. కుళాయి కింద వేలు పెట్టి నిలబడి ఉంటే భర్త వెనకనుంచి తొంగిచూశాడు.

"మళ్ళీనా? ప్రేమగా చూసుకుంటే అదెందుకు కరుస్తుంది? మా అమ్మని ఎప్పుడైనా కరిచిందా?" అని, వెనక్కి తిరుగుతూ, "కట్టు కట్టుకున్నాక కాస్త టీ పెట్టు" అన్నాడు.

ఆ చిలక అత్తగారిది. ఆవిడ పోయాక దాన్ని ఎవరు చూసుకోవాలని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అత్తమామలుండే మేడమీది పంజరం కిందకి దిగి, ఆమె ఉద్యోగం చేసుకునే గదిలో కిటికీ పక్కన కుదురుకుంది, అంతే. గింజలు, నీళ్ళు, రెట్టలు, రాలిన ఈకలు. ఇంట్లో పేరు లేని పనులన్నీ ఎటు జారతాయో ఇవీ అటే జారాయి.

ఆమె ఉద్యోగం హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఫ్రిజ్‌లు పాడైపోయినవాళ్ళకి కంపెనీ తరఫున క్షమాపణలు చెప్పడం. సరిగ్గా ఎవరో అటునుంచి తిడుతున్నప్పుడే చిలక ఇటునుంచి గొంతు చించుకునేది. "మీ ఇంట్లో ఎవరి పీకైనా నులుముతున్నారా మేడమ్? కస్టమర్లు భయపడుతున్నారు" అన్నాడు సూపర్‌వైజర్. ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా జీతంలో భాగమే.

కేకలనైతే ఓర్చుకోవచ్చు. ఆమె ఓర్చుకోలేకపోయింది మాటలని. మధ్యాహ్నం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా పంజరంలోంచి మామగారి గొంతు వచ్చేది. "ఎక్కడ చచ్చావ్?" ఆయన పోయి ఏళ్ళయింది. ఆ వెంటనే, ఊపిరందని తొందరలో అత్తగారి గొంతు. "ఇక్కడేనండీ... వస్తున్నానండీ..." మొదటిసారి విన్నప్పుడు ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. చచ్చినవాళ్ళు మాట్లాడినందుకు మాత్రమే కాదు. అత్తగారికి అలాంటి గొంతు ఒకటుందని ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిన అత్తగారు మెట్లు దిగుతూనే "నీ చేతులకేమైనా పక్షవాతమా?" అని మొదలుపెట్టే మనిషి. మామగారు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ నోటికి మరీ హద్దుండేది కాదు. అంత కరుకు మనిషి ఈ వణికే గొంతును ఎన్నేళ్ళు ఎక్కడ దాచుకుందో! ఆవిడ మీద ఇన్నాళ్ళు పెంచుకున్న కోపం ఆమెకు చేతిలో వేడి గిన్నెలా అయింది, ఎక్కడ దించాలో తెలియలేదు.

భర్తతో చెప్తే, "పిట్ట కూతలకి కూడా కథలల్లుతావే నువ్వు" అన్నాడు. అతనున్నప్పుడు చిలక నోరు మెదిపేది కాదు. దాన్ని అతను మర్యాద అనుకున్నాడు.

చిలక రొమ్ము మీది ఈకలు తానే పీక్కోవడం మొదలుపెట్టాక, ఆమె సెలవు పెట్టి, కూతుర్ని కూడా వెంటబెట్టుకుని, పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు నడివయసు మనిషి, తొందర లేని ఆడమనిషి. చిలకను ముట్టుకోకుండానే చాలాసేపు చూసింది.

"ఒంట్లో జబ్బేమీ లేదమ్మా. భయం. కరిచే ముందు చూడండి, కంటిపాప చిన్నదవుతూ పెద్దదవుతూ ఉంటుంది, మెడమీద ఈకలు నిక్కబొడుచుకుంటాయి. అప్పుడు చెయ్యి పెట్టకండి. కరిచిందని తిట్టకండి, కొట్టకండి. ఇంతకీ ఎప్పుడు కరుస్తుంది?"

"సాయంత్రాలేనండీ ఎక్కువగా. పగలు పంజరంలోంచి తీస్తే నా భుజం మీదే ఉంటుంది. మరి నామీద ఏం పగో."

"పగేం లేదు. భయపెట్టేది అందనంత దూరంలో ఉంటే, ఇవి దగ్గరున్న చేతిని కరుస్తాయి. ఆ వేళకి మీ ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి."

కూతురు కుర్చీలో కాళ్ళు ఊపుతూ అంతా వింది.

మర్నాడు సాయంత్రం ఆమె గమనించింది. చిలక ఆమె మణికట్టు మీద కూర్చుని యాపిల్ ముక్క తింటోంది. కూతురు నేలమీద రంగు పెన్సిళ్ళన్నీ పరిచి బొమ్మ వేసుకుంటోంది. ఇంతలో గేటు ధడాలుమంది. అతను ఎప్పుడూ అలాగే వేస్తాడు. తర్వాత గుమ్మం మెట్లమీద బరువైన అడుగులు, బల్లమీద తాళాలు విసిరిన చప్పుడు, ఎవరిమీదో తెలియని విసుగు. అతను ఎవరిమీదా చెయ్యెత్తలేదు. ఆ సంగతి అతనే నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. చిలక ముక్క వదిలేసింది. కంటిపాప చుక్కంత అయింది. మెడ ఉబ్బింది. ఆమె చూస్తూనే ఉంది, చూస్తూనే చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయింది. ఎందుకంటే అదే క్షణంలో ఆమె రెండో చెయ్యి కూతురి రెక్క పట్టుకుని లేవదీస్తోంది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఇల్లంతా పరుస్తావా? నీ చేతులకేమైనా పక్షవాతమా, తీయడానికి?"

చిలక కరిచింది. ఆమెకు నొప్పి తెలియలేదు. గదిలో ఇంకా మోగుతున్న ఆ గొంతు ఎవరిదా అని వెతుక్కుంటోంది.

కూతురు ఏడవలేదు. ఎర్రబడ్డ రెక్క రుద్దుకుంటూ, ఏదో లెక్కకి జవాబు దొరికినట్టు అంది. "నాన్న వస్తే నువ్వు కూడా కరుస్తావమ్మా."

ఆమె పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. పెన్సిళ్ళు మోకాళ్ళ కింద గుచ్చుకున్నాయి. అత్తగారు మెట్లు దిగి వచ్చిన ఆ సాయంత్రాలన్నీ, అంతకు ముందే మేడమీద ఏదో చప్పుడై ఉండాల్సిన ఆ సాయంత్రాలన్నీ, ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చి నిలబడ్డాయి. ఒకరి భయం మరొకరి చేతి మీద గాటు. ఇప్పుడది పిల్ల దాకా వచ్చింది.

"ఏంటిదంతా? కాలు పెట్టే చోటైనా ఉంచరా?" గుమ్మంలో భర్త.

"మీరు గేటు వేసే చప్పుడుకి దీనికి భయం" అందామె. గొంతు తనకే కొత్తగా ఉంది. "దీనికొక్కదానికే కాదు."

"ఏంటి, పిట్ట కోసం నా ఇంటికి నేను దొంగలా రావాలా?" అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను నవ్వు మధ్యలోనే ఆపి, "పిచ్చి పట్టింది నీకు" అంటూ లోపలికి వెళ్ళి తలుపు విసిరికొట్టాడు. చిలక, పిల్ల, ఆమె, ముగ్గురూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

మరుసటి సాయంత్రం అతను వచ్చే వేళకి ఆమె పంజరం పట్టుకుని, పిల్లని తీసుకుని పార్కుకి వెళ్ళిపోయింది. ఒక బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. ఫోన్ మోగింది. ఆమె తీయలేదు. అది ఆగి మళ్ళీ మోగింది. చిలక తల ఒకవైపు వాల్చి విని, ఈకలు దులుపుకుని, ఒంటికాలు మీద కునుకు మొదలుపెట్టింది.

"అమ్మా, నాన్న ఇంట్లో ఉంటాడు కదా, ఇప్పుడెలా వెళ్తాం?" అంది కూతురు.

"ఇవాళ్టికి వెళ్దాం" అందామె. "రేపు స్కూలయ్యాక నువ్వూ నేనూ ఒక ఇల్లు చూసొద్దాం. రెండు గదులున్నా చాలు."

"మరి గేటు?"

"గేటు లేని ఇల్లే చూద్దాం."