లైన్ ఆపే ఎర్రతాడు

"పప్పుల జర ఉప్పు తక్కువైంది," అన్నాడు శ్రీధర్, చివరి ముద్ద మింగి చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

మొదటి ముద్దకే తెలిసి ఉండాలి కదా ఆ సంగతి. అప్పుడే అంటే చిటికెడు ఉప్పు వేసేది శైలజ. ఈ ఇంట్లో తీర్పు ఎప్పుడూ పళ్లెం ఖాళీ అయ్యాకే. కూర మాడినా, చొక్కా మీద ఇస్త్రీ మడత మిగిలినా, "ఎవలు సేసిన్రు గిది?" అంటాడు, పదిమంది పనివాళ్లున్న ఇంట్లోలాగా. పెళ్లయిన నాటి నుంచీ ఆ ప్రశ్నకు జవాబుగా ఉన్నది ఒక్క మనిషే.

డబ్బా సర్దుకుని బస్టాపుకి నడిచింది. మిర్యాలగూడ శివారులో బియ్యం సంచులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె క్వాలిటీ ఇన్‌ఛార్జి. కోదాడ మిల్లులో లారీకెక్కిస్తుంటే సంచుల అడుగు కుట్లు విడిపోయి బియ్యమంతా నేలపాలైన దగ్గర్నుంచి ఓనరు సురేష్‌కు కంటిమీద కునుకు లేదు. నాణ్యత పెంచే పద్ధతుల్లో మనకేది పనికొస్తుందో తేల్చమని ఆమెకే అప్పగించాడు. తేల్చి చెప్పాల్సింది ఈ రోజే.

"మీటింగుల నువ్వు మాట్లాడుడేంది? రాసి సారు చేతుల వెట్టు. తేడా వొస్తే నీ మీదికే వస్తది," అన్నాడు శ్రీధర్ నిన్న.

కానీ ఆ పద్ధతుల గురించి చదువుతుంటే ఆమెకు ఎంత ముచ్చటేసిందో ఆయనకేం తెలుసు! ఎక్కడి వస్తువు అక్కడుండాలనే ఫైవ్ ఎస్ చదివి నవ్వుకుంది. అత్తమ్మ ఆండాలు పోపుడబ్బా చూసే రాసి ఉంటారనిపించింది. రోజూ కాస్త కాస్త బాగుచేసుకుంటూ పోయే కైజెన్ ఓపిక నచ్చింది. ప్రతిదీ కొలిచి, తేడా ఎక్కడ పుట్టిందో దొరికేదాకా వదలని సిక్స్ సిగ్మా పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపించింది. అన్నిటికంటే ఎక్కువగా ఆమె మనసులో నాటుకుపోయింది మాత్రం ఒక తాడు. తేడా కనిపించిన క్షణాన, మిషన్ దగ్గరున్న మామూలు మనిషి ఎవరైనా సరే, ఆ తాడు లాగి లైన్ మొత్తం ఆపేయొచ్చట. ఆ హక్కు పనిచేసే చేతికే ఇచ్చారట!

అందుకే ఈ మీటింగుకు ముందే రెండు లైన్లలో రెండు రకాలుగా చేసి చూసింది. ఒకటో లైనులో సురేష్ చెప్పినట్టే సంచులన్నీ చివర్లో తనిఖీ చేసి, కుట్టు చెడగొట్టిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాశారు. పేరు పదేపదే ఎక్కినోళ్లను పనిలోంచి తీసేద్దామని ఆయన ఆలోచన. రెండో లైనులో మిషన్ల మీదుగా ఎర్రతాడు కట్టించింది.

చాలా రోజులు ఆ తాడును ఎవరూ ముట్టలేదు. లాగితే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని అందరి భయం. చివరికి త్రిపురారం నుంచి వచ్చి సంచులు కుట్టే రూతమ్మ లాగింది. లైనంతా ఒక్కసారి మూగబోయింది.

"ఎవలాపిన్రు? ఎవలు?" అని సూపర్‌వైజర్ బిక్షం అరుస్తూ ఉరికొచ్చాడు.

శైలజ అతనికంటే ముందే చేరింది. "ఏమైంది రూతక్కా?"

రూతమ్మ చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది. "కుట్టు వదులైతాంది మేడం. నాదే తప్పో, మిషన్‌దో నాకెర్కలేదు. గిది మంచిగ లేదని మాత్రం ఎర్క."

చూస్తే కొత్తగా తెచ్చిన దారం పాతదానికంటే సన్నం. మిషన్ బిగింపు మాత్రం పాతదే. దారం కొన్నది ఆఫీసు. అదే దారం ఒకటో లైనులోనూ నడిచింది, సాయంత్రానికి చెడ్డ సంచులు గుట్టపడ్డాయి, బోర్డు మీద ఆడవాళ్ల పేర్లు ఎక్కాయి. తప్పెవరిదో తెలియకుండానే తాడు లాగగలిగిన ఆ మనిషిని తలచుకుంటే శైలజకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఈ రోజు మీటింగులో ఆమె కాగితం ఇవ్వలేదు. నిలబడి మాట్లాడింది.

"మిషన్ ఆగితే లాస్ కాదా మేడం?" అన్నాడు సురేష్. "బోర్డు మీద పేరుంటే కొంచెం భయమన్న ఉంటది."

"ఉంటది సార్. భయముంటే తప్పు ఆగదు, దాక్కుంటది. దాక్కున్న తప్పే కోదాడ దాకా పోయింది. కొలతలు, సర్దుడు అన్నీ తర్వాత నేర్పిస్త. ముందుగాల మనం 'ఎవరు' అని అడుగుడు బంద్ చేసి, 'ఏమైంది' అని అడగాలె."

సురేష్ పెన్ను పక్కన పెట్టి బిక్షం వైపు తిరిగాడు. "బోర్డు తీసెయ్ బిక్షం," అన్నాడు. "తాడు ఒకటో లైనుకు గూడ కట్టుండ్రి."

సాయంత్రం బస్సు దిగి, చెప్పులు విడిచీ విడవకముందే స్టవ్ వెలిగించింది. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో దాని మీద పెనం, సింకు నిండా పొద్దుటి గిన్నెలు. మీటింగులో ఏమైందని ఎవరూ అడగలేదు.

"ఇంకా కాలేదా? ఎవలు లేట్ చేసిన్రియ్యాల?" హాల్లోంచి శ్రీధర్.

చపాతీ తిప్పబోతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఈ ఇంటి తాడు కూడా ఇన్నేళ్లూ తన కళ్లముందే వేలాడుతోంది. ఎవరో వచ్చి లాగుతారని ఎదురుచూసింది, అంతే. చెయ్యి చాచి రెండు పొయ్యిలూ కట్టేసింది. కుక్కర్ నిట్టూర్చి చల్లబడింది. ఇల్లంతా ఒక్కసారి మూగబోయింది.

శ్రీధర్ గుమ్మంలోకి వచ్చాడు. "స్టవ్ ఎందుకాపినవ్? ఎవలేమన్నరు?"

"ఎవలేమనలె. ఏమైందని అడుగుండ్రి, చెప్త."

ఆయన అడగలేదు. అలవాటు లేని ప్రశ్న మరి. అప్పుడు ఆయన వెనక నుంచి ఆండాలు వచ్చింది. నలభై ఏళ్లు ఇదే వంటింట్లో ఆగకుండా తిరిగిన మనిషి. ఆరిపోయిన పొయ్యిల వైపు, కోడలి చేతి వైపు చూసింది. కొడుకును పక్కకు జరిపి లోపలికి వచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

శైలజ స్టూలు ఆమె వైపు జరిపింది. పొయ్యి మళ్లీ వెలిగించలేదు.