గుండు కింద పచ్చిక

2004లో చలమయ్య గారు పొదిలి దగ్గర గుట్ట వారగా రెండెకరాలు కొని తోట ఇల్లు కట్టారు. గుంటూరులో మిరపకాయల వ్యాపారం చేసిన మనిషి. గుట్ట మీంచి ముందుకు వంగినట్టుండే ఏనుగంత రాతిగుండు మీద మోజుతోనే ఆ స్థలం కొన్నారు. చుట్టూ రాళ్లతోట వెయ్యడానికి, పదేళ్లు నర్సరీలో పనిచేసిన కోటేశ్వరిని పెట్టుకున్నారు.

ఆమె ఏ రాయినీ కదపలేదు. సందుల్లో కలబంద, నాగజెముడు నాటింది. అప్పుడప్పుడూ చెంబెడు నీళ్లు పోస్తే చాలు.

చలమయ్య గారికి నచ్చలేదు. "ముళ్లు చూడ్డానికా గృహప్రవేశానికి జనాన్ని పిలిచేది? గుండు కింద పచ్చిక వేయించు."

"పచ్చికకి రోజూ నీళ్లు పెట్టాలండి. ఈ గుండు బండ మీద లేదు, గరుసు మట్టి మీద కూర్చుంది. నానితే నిలవదు."

"ఇన్నేళ్లున్న రాయి గడ్డికి పెట్టే నీళ్లకి పడుతుందా?" అని నవ్వారాయన.

పచ్చిక పరిచారు. రెండు పూటలా నీళ్లు. పది రోజులకి గుండు మొదట్లో, రాయి నేలని కలిసే చోట వెంట్రుకంత చీలిక కనిపించింది. కోటేశ్వరి దాని మీద సిమెంటు పూసింది. మూడో రోజుకి పగిలింది. మళ్లీ పూసింది. తెల్లారేసరికే పగిలింది. ఈసారి చీలికలో వేలు దూరింది. లోపల మట్టి చల్లగా, మెత్తగా తగిలింది.

చూపిస్తే, "సున్నం కొట్టించు, కనపడదు," అన్నారాయన.

గృహప్రవేశం నాటి మధ్యాహ్నం గుండు నీడలోనే కుర్చీలు వేశారు. పిల్లలు ఇంట్లో ఆడుకుంటున్నారు. సన్నగా మట్టి రాలడం కోటేశ్వరి చూసింది. "లేవండమ్మా, లేవండి!" అంటూ కుర్చీలు ఎండలోకి లాగింది. చలమయ్య గారి భార్య వెంకాయమ్మ గారు ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా లేచారు. వెనకాలే అందరూ లేచారు. చలమయ్య గారు మాత్రం కదల్లేదు.

"నా ఇంట్లో నన్నే లేపుతావా?"

కోటేశ్వరి పార తీసుకుని, గుండుకి దూరంగా పచ్చిక ఆ చివరికి పరిగెత్తింది. ఆయన చూస్తుండగానే గడ్డిని చెక్కి పారెయ్యడం మొదలుపెట్టింది. ఆయన కోపంతో ఊగిపోతూ లేచి ఆమె మీదికి వచ్చారు. చెయ్యెత్తారు. అప్పుడే వెనక గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. నేల అదిరింది.

దుమ్ము తగ్గాక చూస్తే కుర్చీ లేదు. గుండు అక్కడ కూర్చుని ఉంది.

ఆయన కోటేశ్వరి చెయ్యి పట్టుకున్నారు. "ఇక అయిపోయినట్టేగా, అమ్మా?"

ఆమె గుట్ట వంక చూసింది. పడ్డ గుండు వెనక దాని మీదే ఆనుకుని ఇన్నాళ్లూ నిలిచిన ఇంకో గుండు ఉంది, సరిగ్గా ఇంటికి ఎదురుగా. ఇప్పుడు దానికి ఆసరా లేదు. కింద మట్టి పెళ్లలుగా జారుతోంది.

"ముందు ఇంట్లో ఉన్న పిల్లల్ని బయటికి పిలవండి," అంది.