బూట్ల కవరులో దూరిన ఉత్తరం

నేను ఒక ఇత్తడి ముద్రను. మీ బొటనవేలంత ఉంటాను. ఒక ముసలి పనివాడు నా ముఖంమీద అక్షరాలను తిరగేసి చెక్కి, పొడి ఊదేసి, రాజధానికి పంపాడు. రక్షణ శాఖలో ఒక చిన్న విభాగంలో చేరాను. తుపాకులు చూస్తాననుకున్నాను. చూసిందల్లా ఫైళ్లు, టీ గ్లాసులు, ఒక కొవ్వొత్తి. సరిహద్దులో జవాను కాలికి బూటు ఎక్కాలంటే ముందు ఇక్కడ ఎవరో ఆలోచించాలి, ఎవరో ఒప్పుకోవాలి, చివరికి నేను కరిగిన లక్కమీద కూర్చోవాలి.

నన్ను పట్టుకున్న చేయి సింహాద్రిది. విజయనగరం నుంచి వచ్చిన గుమస్తా. పెళ్లయి నలభై రోజులు. ఊళ్లో ఉన్న భార్య నూకరత్నం దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిన రోజు కూనిరాగం తీస్తూ ముద్రలు వేసేవాడు.

ఆ ఏడు మంచు ముందే పడుతోందని కబురొచ్చింది. కొండదారి మూసుకుంటే మళ్లీ వేసవిదాకా పైకి ఏదీ వెళ్లదు. బూట్ల ఉత్తర్వూ, సైజుల జాబితా మూడు గంటలకల్లా కదలాలి. సింహాద్రి కవరు అంటించి, ఐదుచోట్ల నన్ను అదిమాడు. హాయిగా టీ తెచ్చుకుని, జేబులోంచి భార్య ఉత్తరం తీశాడు.

"ఎనిమిదో సైజు, నాలుగు వందల జతలు" అని ఉంది.

అది సైజుల జాబితా. వేసిన ముద్రను అధికారి ఎదుటే విప్పాలి, కారణం పుస్తకంలో రాయాలి. ఉద్యోగానికే ముప్పు. ఊరుకుంటే ఇక్కడెవరికీ తెలియదు, కొండమీది కాళ్లకు తెలుస్తుంది. కవరునూ నన్నూ పట్టుకుని అధికారి రామభద్రయ్యగారి ముందు నిలబడ్డాడు.

"తప్పయిపోయిందండీ. జాబితా బయట ఉండిపోయింది. లోపల మా ఆవిడ ఉత్తరం ఉంది."

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. "అయితే జవాన్లు మీ ఆవిడ ఉత్తరం కాళ్లకు చుట్టుకోవాలా?"

"లేదండీ."

"విప్పు. నేను చదవన్లే." సింహాద్రి కవరు తెరిచాడు. "ఈ నెయ్యి మరకేమిటయ్యా?"

"హల్వా పంపిందండీ."

"అది మాత్రం పొరపాటున కూడా మా బల్లమీదికి రాదు."

కారణం దగ్గర "సొంత కాగితం కలిసినది" అని రాసి సంతకం పెట్టారు. మళ్లీ ఐదు ముద్రలు. లక్క ఆరకముందే కవరు బయల్దేరింది.

వేసవిలో దారి తెరుచుకున్నాక పైనుంచి చీటీ వచ్చింది: "బూట్లు సరిపోయాయి. మంచుకు ఎవరి కాలివేళ్లూ పోలేదు." సింహాద్రి దాన్ని భార్య ఉత్తరాల మధ్య దాచుకోబోతే రామభద్రయ్యగారు దగ్గారు.

ఏళ్లు గడిచాయి. నాకు కాలం చెల్లిందని ముఖంమీద రెండు గీతలు గీసి, సింహాద్రి పదవీ విరమణ నాడు నన్ను అతనికే ఇచ్చారు. ఇప్పుడు విజయనగరంలో నూకరత్నం నన్ను కోవా బిళ్ళలమీద అదుముతుంది.

మొన్న సింహాద్రి అడిగాడు. "రత్నం, ఆ వేళ నీ ఉత్తరం కొండల్లోకి ఎల్లిపోతే ఏటయ్యేది?"

"ఎల్తే ఏటి? సలికాలం వస్తంది, కాళ్లు జాగర్త అనే కదా రాసినాను."

కోవా వెచ్చగా ఉంది. ఆ రోజు లక్క కూడా ఇలాగే ఉంది.