విరిగిన కడ్డీ ఎవరి సొత్తు

నేను స్కూటరు ఆపేసరికి అతను మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు కానీ దగ్గరికి రాలేదు. ఆ రోజు అప్పటికే మూడు షెడ్లు తిరిగొచ్చాను. చేతులకు గ్రీజు, వీపంతా చెమట. ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు.

"మేడమ్, నా పేరు వేలుచ్చామి. నాచిముత్తు గౌండర్ గారి వ్యాను డ్రైవర్ని. పొల్లాచ్చి రోడ్డులో గోడను గుద్దిన బండి," అన్నాడు.

బండి మాట వినగానే గుర్తొచ్చింది. కోయంబత్తూరులో ఇరవై రెండేళ్లుగా ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేస్తున్నాను. ప్రమాదం జరిగిన బండిని చూసి, ఏది పాడైంది, ఏది మార్చాలి, ఎంతవుతుంది అని కంపెనీకి రిపోర్టు రాయడం నా పని. మనుషులు నాకు గుర్తుండరు, బండ్లు ఉంటాయి. ఐదు నెలల కిందట ఆ తెల్ల వ్యాను యాత్రికులను దింపేసి ఖాళీగా తిరిగొస్తూ, మధ్యాహ్నం మూడింటికి, వంపే లేని రోడ్డు మీద ఎడమకు కోసుకుపోయి బస్టాపు గోడను గుద్దింది. అక్కడ బస్సు కోసం నిలబడ్డ మారాత్తాళ్ అనే కొబ్బరిపీచు కూలీకి మోకాలి కింద కాలు పోయింది. డ్రైవరు నిద్రపోయాడని పోలీసులు కేసు రాశారు.

"ఆ క్లెయిము అయిపోయింది కదయ్యా. మీ ఓనరుకు డబ్బు కూడా వచ్చేసింది."

"డబ్బు కోసం రాలేదు మేడమ్. ఎడమ చక్రం కడ్డీ కోసం వచ్చా."

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ గురించి అతను అడుగుతున్నాడు. అది విరిగితే చక్రం తన ఇష్టం వచ్చినట్టు తిరిగిపోతుంది. చేతిలో స్టీరింగు ఉన్నా లేనట్టే.

"స్టీరింగు చేతిలో తేలిపోయింది మేడమ్. అలాగే గుర్తుంది నాకు. అది వణుకుతోందని ఓనరుకు అంతకు ముందే రెండుసార్లు చెప్పా. కానీ తెల్లారుజామున నాలుగింటి నుంచి బండి మీదే ఉన్నా. అందరూ నిద్రపోయావు, నిద్రపోయావు అంటుంటే కన్ను మూతపడిందేమోనని నాకే అనిపిస్తోంది. మొన్న మా పొన్నుత్తాయి కూడా అడిగింది. నాకొక్కదానికే చెప్పు, ఎవరికీ చెప్పను అంది. పెళ్లయి పద్దెనిమిదేళ్లు."

"ఏం చెప్పావు?"

"ఏం చెప్పను? లేచి బయటికెళ్లిపోయా."

ఫైలు తీశాను. కడ్డీ ఫోటో ఒకటుంది. విరిగిన కొస నీడలో పడింది, ఏమీ కనిపించదు. రిపోర్టులో నా అక్షరాలే: 'ఎడమ స్టీరింగ్ కడ్డీ, గుద్దుకోవడం వల్ల విరిగింది, మార్చాలి.' నలభై ఒక్క సామాన్ల జాబితాలో అది ఇరవై ఆరోది. ఆ రోజు అది నేను చూసిన నాలుగో బండి. వంగి ఆ కొసను చూసిన గుర్తు నాకు లేదు.

"గుద్దకముందే విరిగిందా, గుద్దాక విరిగిందా అన్నది దాన్ని చూస్తే తెలుస్తుందంట కదా," అన్నాడు. "ఓనర్ని అడిగా. నా దగ్గర లేదన్నాడు. బండి ఆయనదే కదా మేడమ్, ఎక్కడికి పోతుంది?"

"బండి ఆయనదే. విరిగిన సామాను ఆయనది కాదు. కొత్తదానికి కంపెనీ డబ్బిస్తే పాతది కంపెనీది. పాతది నేనే ఉంచుకుంటా అంటే దాని వెల తగ్గించుకుని ఇస్తారు. మీ ఓనరు వద్దని సంతకం పెట్టాడు."

"అయితే కంపెనీ దగ్గరుంటుంది."

"ఉండదు. అన్నీ కలిపి గుట్టగా వేలం వేస్తారు. ఇప్పుడది కొన్నవాడిది."

"కాలు పోయింది ఆవిడది. కేసు నాది. కడ్డీ మాత్రం ఇంకెవరిదో," అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు.

చూస్తానని చెప్పి పంపేశాను. చూడకపోయినా అడిగేవాళ్లు లేరు. కానీ ఆ ఇరవై ఆరో వరుస రెండు రోజులు నన్ను వదల్లేదు. మూడో రోజు నాచిముత్తు గౌండర్‌కు ఫోన్ చేశాను.

"తేరుకున్న నీళ్లను ఎందుకు కెలుకుతారమ్మా?" అన్నాడు.

"స్టీరింగు వణుకుతోందని అతను మీకు రెండుసార్లు చెప్పాడట."

"డ్రైవర్లు రోజూ ఏదో ఒకటి చెబుతారు. సీజన్ అయ్యాక చూద్దామన్నా. అది నేరమా? చూడండి, కడ్డీ ముందే పగిలుందంటే కంపెనీ నా డబ్బు వెనక్కి అడుగుతుంది. వాడికి జరిమానా పడితే నేనే కడతానని మాటిచ్చా. జైలు కూడా పడకపోవచ్చని లాయరన్నాడు. ఇంకేం కావాలి వాడికి?"

నిజమే, ఇంకేం కావాలో చెప్పడం కష్టం. ఫోన్ పెట్టేశాను.

కంపెనీ ఆఫీసులో నాకు తెలిసిన గుమాస్తా గొణుక్కుంటూనే రిజిస్టరు తిప్పాడు. ఆ గుట్టను ఉక్కడంలో ఉన్న పాత ఇనుప బజారులో సాదిక్ బాయ్ కొన్నాడు. వేలుచ్చామికి కబురు చేశాను.

సాదిక్ బాయ్‌కి అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులు. ఏదో కారులోంచి పీకిన సీటును నేల మీద వేసుకుని దాంట్లోనే రోజంతా కూర్చుంటాడు.

"ఐదు నెలల కిందటి సరుకా, చెల్లెమ్మా?" అన్నాడు. "అమ్ముడుపోయేది అమ్ముడుపోయింది. పోనిది వెనక పడుంది. శనివారం లారీ వస్తుంది, అంతా కరిగించడానికి పోతుంది. విరిగిన కడ్డీ ఎవడు కొంటాడు? ఉంటే అక్కడే ఉంటుంది. వెతుక్కోండి. నేను లేవలేను."

అది గురువారం. వెనకనున్న గుట్ట నా తల కన్నా ఎత్తుంది. పాడైన సామాను మళ్లీ ఇంకో క్లెయిములో చూపించకుండా ప్రతిదాని మీదా పసుపు రంగుతో నంబరు రాయడం మా పద్ధతి. ఆ నంబరు కాగితం మీద రాసి వేలుచ్చామికి ఇచ్చాను. సాయంత్రం దాకా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాం. రేడియేటర్లు, తలుపులు, ఎవరెవరివో బంపర్లు. చేతులు కోసుకుపోయాయి. దొరకలేదు.

శుక్రవారం నాకు వేరే పని ఉండింది. మధ్యాహ్నం వెళ్లేసరికి అతను పొద్దుటి నుంచీ ఒక్కడే తవ్వుతున్నాడు. గుట్ట సగానికి దిగింది. సాదిక్ బాయ్ మనవరాలు తెచ్చిన టిఫిను క్యారియరు మూత తియ్యకుండా పక్కనే ఉంది.

"తినమంటే తినడు. నా ఇనుమంతా తిరగేశాడు. వీడికి కూలి నేనివ్వాలా, నాకు వీడివ్వాలా?" అన్నాడు బాయ్.

మూడున్నరకు దొరికింది. వేలుచ్చామి కేక వెయ్యలేదు. దాన్ని రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకుని, విరిగిన కొసకు వేలు తగలకుండా తెచ్చి బాయ్ ముందు గోనె మీద పెట్టాడు. పసుపు నంబరు సరిపోయింది.

సాదిక్ బాయ్ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొసలో ఒక పక్క గరుకుగా ఉంది, దాని మీద ఎర్రటి పల్చని తుప్పు. మిగతాదంతా నల్లగా, నునుపుగా, లోపలికి గ్రీజు ఇంకి ఉంది.

"ఎర్రది ప్రమాదం నాటిది. ఈ నల్లది పాత పగులు. నెలల నాటిది," అన్నాడు బాయ్. "మూడొంతుల్లో రెండొంతులు ముందే తెగిపోయింది. మిగిలిన ఒక వంతు మీద బండి నడిచింది."

నేనూ చూశాను. అంతే. వంగి చూసుంటే ఆ రోజే కనిపించేది.

"అంటే నేను నిద్రపోలేదా?" అని అడిగాడు వేలుచ్చామి.

బాయ్ కళ్లద్దాలు తీసి అన్నాడు: "ఇనుము తన సంగతే చెబుతుంది తమ్ముడూ. నీ కళ్ల సంగతి దానికెలా తెలుస్తుంది? ఆ ఒక్క వంతు రోడ్డు మీద తెగిందా, గోడకు తగిలి తెగిందా, అదీ చెప్పదు. కానీ గుంటలో పడినా చాలు, తెగేదే. అది మాత్రం ఖాయం."

వేలుచ్చామి తల ఊపాడు. అప్పుడు క్యారియరు మూత తీసి తిన్నాడు.

అతని లాయరు ఒక కుర్రావిడ. కడ్డీని ఇంటికి తీసుకెళ్లొద్దంది. ముద్దాయి ఇంట్లో ఉంటే మీరే అరగదీశారంటారు, అది ఇప్పుడు ఎవరి సొత్తో వాళ్ల దగ్గరే ఉండాలి, కోర్టు పిలిస్తే వాళ్లే తేవాలి అంది. సాదిక్ బాయ్‌కి ఆ మాట నచ్చలేదు.

"ఇనుము నాది, సరే. సాక్ష్యం నాకెందుకు?" అన్నాడు. "ఈ మోకాళ్లతో కోర్టు మెట్లెక్కమంటారా? ఈ బజార్లో మమ్మల్ని పోలీసులు చూసే చూపు మీకు తెలీదు. ఎక్కడి సరుకు, ఎవడిచ్చాడు, బిల్లేదీ అంటారు."

"బిల్లుంది కదా బాయ్," అన్నాను.

"ఉంది. అది చూపించి చూపించి అలిసిపోయా."

అయినా ఆ కడ్డీని గోనెలో చుట్టి తన సీటు వెనక గోడకు కొక్కేనికి తగిలించాడు. శనివారం లారీ వచ్చి గుట్టంతా ఎత్తుకుపోయింది. అది మాత్రం అక్కడే ఉండిపోయింది.

నా వంతు నేను చేశాను. కంపెనీకి, కోర్టుకు అదనపు రిపోర్టు రాశాను. మొదటిసారి ఎందుకు రాయలేదన్న ప్రశ్నకు 'సరిగా చూడలేదు' అని రాశాను. వేరే మాట కోసం ఒక సాయంత్రమంతా వెతికాను కానీ దొరకలేదు. ఆ కంపెనీ నాకు పని ఇవ్వడం మానేసింది. ఎవరూ తిట్టలేదు, ఫోన్లు రావడం ఆగిపోయింది, అంతే. డబ్బు వెనక్కి కట్టమని నాచిముత్తు గౌండర్‌కు నోటీసు వెళ్లింది. వేలుచ్చామి ఉద్యోగం అదే వారం పోయింది. తర్వాత ఒక నూనె మిల్లులో కాపలాకు కుదిరాడు.

కేసు రెండేళ్లు నడిచింది. సాదిక్ బాయ్ గోనె మూట భుజాన వేసుకుని మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి జడ్జి సెలవు. రెండోసారి ఎదుటి లాయరుకు జ్వరం. మూడోసారి సాయంత్రం నాలుగున్నరకు పిలిచారు.

"ఈ వస్తువు మీదేనా?" అని అడిగారు.

"కొన్నాను కాబట్టి నాదే అయ్యా. తీసుకుంటానంటే మీదే," అన్నాడు.

కోర్టు తీసుకుంది. దానికింకో నంబరు వేశారు. అనుమానానికి తావుందని చెప్పి వేలుచ్చామిని వదిలేశారు. తీర్పు చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. బయట భార్య పొన్నుత్తాయి అతని చేతిలోని సంచీ తీసుకుని ముందు నడిచింది. అతని కోసం రెండుసార్లు ఆగింది.

ఆ ఆదివారం అతను మారాత్తాళ్ దగ్గరికి వెళ్లాలన్నాడు. ఒక్కడే వెళ్లడానికి ధైర్యం చాలక నన్ను రమ్మన్నాడు. ఆవిడ పీచు మిల్లు వెనకున్న కూలీల వరుస ఇళ్లలో ఉంటుంది. గడపలో కూర్చుని కొబ్బరి తాడు పేనుతోంది. కట్టుడు కాలు గోడకు ఆనించి ఉంది. అది ఒరుసుకుంటుందని ఇంట్లో ఉన్నప్పుడు తీసేస్తుందట.

వేలుచ్చామి నిలబడే చెప్పాడు. కడ్డీ గురించి, పాత పగులు గురించి, కోర్టు వదిలేసిందని. ఆవిడ పేనడం ఆపకుండా వింది.

"నాకు డబ్బొచ్చింది. ఇనుము సంగతి నాకెందుకు?" అంది. "ఒక్కటే అడుగుతా. నిద్రపోయావా, లేదా?"

కోర్టులో ఆ ప్రశ్నకు లేదని చెప్పాడు. నేను విన్నాను.

"తెలీదక్కా," అన్నాడు. "లేదనే అనుకుంటున్నా. కానీ అలసిపోయున్నా. నిజంగా తెలీదు."

ఆవిడ తాడు పక్కన పెట్టి అతని మొహం వైపు చూసింది. మేమెళ్లినప్పటి నుంచీ చూడడం అదే మొదలు.

"నాలుగింటి నుంచి తోలావని పోలీసులన్నారు. ఎవడు తోలమన్నాడు అంతసేపు?"

"ఓనరు. ఇంకో డ్రైవరు లేడు."

"స్టీరింగు వణుకుతోందని చెప్పావంట గదా వాడికి."

"రెండుసార్లు."

"మూడోసారి చెప్పకుండా ఎక్కావు."

"ఎక్కా."

"ఆ రోజు నాకు జ్వరం," అంది. "మేస్త్రీ తిడతాడని పనికి పోయా. పోకుండా ఉండాల్సింది." తర్వాత లోపలికి చూసి కోడల్ని పిలిచింది. "వీళ్లకేదైనా పొయ్యవే. ఎండలో వచ్చారు."

కోడలు రెండు గ్లాసుల్లో పాలు లేని టీ తెచ్చింది. వేలుచ్చామి అరుగు మీద, ఆవిడకు కాస్త దూరంగా కూర్చున్నాడు. ఆవిడ మళ్లీ పీచు చేతిలోకి తీసుకుని, ఒక కొస అతని వైపు జరిపింది. "ఊరికే కూర్చోకు, ఇది గట్టిగా పట్టుకో," అంది. అతను గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు.