తాతగారి హోదాలో

నేను ఒక మొసలిని. భయపడకండి, ఇప్పుడు నా కడుపులో ఉన్నది వరిగడ్డి మాత్రమే. కానీ కొమ్ములంక జమీందారు కుటుంబం దృష్టిలో అక్కడ ఒక మనిషి కూడా ఉన్నాడు.

జగ్గరాజు గారనే ఆ జమీందారు ఒక ఉదయం గోదావరి స్నానానికి వెళ్ళి తిరిగి రాలేదు. రేవులో పావుకోళ్ళు మాత్రం మిగిలాయి. ఎదుటి లంకలో ఎండ కాచుకుంటున్న నన్ను, నేనే మింగేశానని తుపాకీతో కాల్చేశారు. ఆయన్ని నేను కనీసం చూసి కూడా ఎరగను. పొట్ట కోస్తే రెండు చేపలు బయటపడ్డాయి.

"అరిగిపోయి ఉంటారు," అన్నాడు దివాను విచారంగా.

దహనం చెయ్యడానికి ఆయన శరీరం లేదు గనక, దొరికిన శరీరాన్ని భద్రం చేశారు. గడ్డి కూరి, గాజు కళ్ళు పెట్టి, హాల్లో బల్ల మీద పడుకోబెట్టారు. ఏటా నా ముందు విస్తరి వేసి తద్దినం పెట్టేవారు. కోడళ్ళు నా ఎదుట గొంతెత్తి మాట్లాడేవారు కాదు.

జమీందారీలు పోయాక కత్తులు, పల్లకీలు, పటాలతో పాటు నన్నూ మ్యూజియానికి ఇచ్చేశారు. ఈమధ్య దానికి కొత్త భవనం వచ్చింది. కింద నదీజీవుల గ్యాలరీ, పైన జమీందారుల గ్యాలరీ. క్యూరేటరు విశ్వేశ్వర్ నన్ను కింద పెట్టించాడు. సంగతి తెలిసి జగ్గరాజు గారి మనవరాలు, ఎనభై దాటిన బంగారయ్యమ్మ గారు, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చేశారు.

"మా తాతగారిని కప్పల మధ్య పడేశావేంటి బాబూ?"

"ఇది మొసలండి."

"పైకి మొసలేనయ్యా. లోపలో?"

విశ్వేశ్వర్ నలుగురి చేత మోయించి నన్ను పైకి చేర్చి, జగ్గరాజు గారి నిలువెత్తు పటం కింద పెట్టించాడు.

ప్రారంభోత్సవం నాడు బరంపురం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ పటం ముందు ఆగిపోయాడు.

"ఈయన మా తాతగారండీ! మా ఊళ్ళో కాఫీ హోటలు పెట్టారు. తొంభై ఏళ్ళు బతికారు."

ఫోనులో పాత ఫొటో తీసి చూపించాడు. అదే ముక్కు, అవే మీసాలు, చేతిలో కాఫీ గ్లాసు.

అందరూ నా వైపు చూశారు. బంగారయ్యమ్మ గారు ఫొటోని చాలాసేపు చూసి, నా దగ్గరికొచ్చి, గుండు దిగిన చోట చెయ్యి వేశారు.

"నిన్ను ఉత్తిపుణ్యానికి చంపేశాం కదరా నాయనా!"

నన్ను మొసలిగా ఎవరైనా పలకరించడం అదే మొదలు. నా కళ్ళు గాజువి కాబట్టి సరిపోయింది. లేకపోతే నా కన్నీళ్ళని ఎవరు నమ్ముతారు?

"అయితే కిందికి దింపించెయ్యమంటారా అమ్మా?" అని మెల్లిగా అడిగాడు విశ్వేశ్వర్.

"దింపించు."

ఆవిడ కర్ర ఎత్తి పటం వైపు చూపించారు.

"ఆయన్ని."