పైడితల్లి గారి పరదేశపు పర్మిట్టు

నేను ఒక అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్టుని. పేరు విని ఏదో పెద్ద హోదా అనుకోకండి. బూడిదరంగు అట్ట, కొన్ని కాగితాలు, లోపల ఒక ఫోటో, దాని మీద సగం పడిన ముద్ర, అంతే నా ఒళ్లు. ఆయుష్షు ఒక్క ఏడాది. ఈ మనిషికి బండి నడపడం వచ్చునని పరదేశం వాళ్లకు తెలిసే భాషల్లో చెప్పడమే నా ఉద్యోగం. అది కూడా ఒంటరిగా చెప్పలేను. అసలు లైసెన్సు పక్కన ఉంటేనే నా మాట చెల్లుతుంది. అది లేకపోతే నేను చిత్తు కాగితంతో సమానం.

నేను అనకాపల్లిలో పుట్టాను. రవాణా ఆఫీసు కిటికీ దగ్గర నన్ను చేతుల్లోకి తీసుకున్నది పైడితల్లి. యాభై దాటిన మనిషి, నేత చీర, రెండు ముక్కుపుడకలు. గుమాస్తా ఆమెని ఎగాదిగా చూసి, పర్మిట్టు ఎవరికమ్మా అని రెండుసార్లు అడిగాడు. నాకే అని రెండుసార్లూ అంతే నిదానంగా చెప్పింది. పరదేశంలో నాతోపాటు అసలు లైసెన్సు కూడా చూపించాలని ఆయన చెబితే తల ఊపింది. నాకు ఆ క్షణంలోనే ఆమె అంటే గౌరవం పుట్టింది.

మిగతా సంగతులు ఆమె లైసెన్సు కార్డు నాకు చెప్పింది. ఆమె భర్త సన్యాసిరావు ముప్పై ఏళ్లు లారీ తోలాడు. తరవాత హైవే పక్కన, ఇంటి ముందే, టైర్ల కొట్టు పెట్టాడు. కళ్లకి నీటికాసుల జబ్బు వచ్చి పక్కచూపు తగ్గుతూ వచ్చింది. పోయిన చూపు తిరిగిరాదని, ఉన్నది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. ఇంటికి వచ్చాక సన్యాసిరావు నోటి వెంట వచ్చిన మాట ఒక్కటే.

"ముప్పయ్యేళ్లు రోడ్డే సూసినాను. పక్కనేటుందో ఒక్కనాడూ సూడ్నేదు."

పైడితల్లి ఓదార్చలేదు. మర్నాడు వెళ్లి డ్రైవింగు స్కూల్లో చేరింది. అక్కడ నేర్పినదాని కంటే ఇంటికొచ్చాక మొగుడు పెట్టిన కేకలే ఎక్కువట. క్లచ్చు మీద కాలు ఉంచకు, అద్దం చూడు, గేరు మార్చు అని ఒకటే నస. అన్నీ భరించి లైసెన్సు తెచ్చుకుంది. అప్పటినుంచి సరుకు కోసం విశాఖ దాకా కారు ఆమే నడుపుతోంది. ఇంత పట్టుదల మనుషుల్లో నేను మళ్లీ చూడలేదు.

బాగా అమ్మిన డీలర్లని టైర్ల కంపెనీ ఏటా ఏదో దేశం తిప్పి తెస్తుంది. ఆ ఏడు మారిషస్, అందులో వీళ్లకీ చోటు దొరికింది. టూరులో ఒక రోజు ఖాళీ ఉంది. ఆ రోజు కారు అద్దెకి తీసుకుని, సముద్రం పక్క రోడ్డు మీద ఆయన్ని తిప్పాలని ఆమె కోరిక. బస్సు మనం ఆగమన్నచోట ఆగదు, ఆయనకేమో తల తిప్పి నింపాదిగా చూస్తేగాని కంటికి ఆనదు. మరో ఏడాదికి ఆ కాస్త చూపూ ఉంటుందో లేదో.

ప్రయాణానికి ముందు సన్యాసిరావు ఒక ఘనకార్యం చేశాడు. ఆయనతో తిరిగిన లారీవాళ్లకి అసలు కాగితాలు బండిలో పెట్టుకునే అలవాటు లేదు. దారిలో పోలీసులెవరైనా తీసి ఉంచేసుకుంటే విడిపించుకోవడానికి చెప్పులరిగేలా తిరగాలి. అందుకని కలరు జిరాక్సు తీయించి, లామినేషన్ చేయించి, దాన్ని జేబులో వేసుకునేవారు. పైడితల్లి లైసెన్సుకీ ఆయన అదే మర్యాద చేశాడు. అసలుది బీరువాలో దాచి, జిరాక్సుని నా మడతలో పెట్టి, ఒరిజినల్ గడప దాటకూడదన్నాడు. ఆ ముక్క పరదేశంలో చెల్లదని నాకు తెలుసు. నోరులేని బతుకు కదా, ఎలా చెప్పను?

మారిషస్‌లో కార్లు అద్దెకిచ్చే కొట్టులో కౌంటరు దగ్గరున్నావిడ ముందు నన్నే తెరిచి, ఫోటో, ముద్ర, తేదీ సరిచూసింది. నడిపేవారి పేరునే క్రెడిట్ కార్డు ఉండాలంది. ఉంది. లైసెన్సు వచ్చి ఏడాది దాటాలంది. ఎప్పుడో దాటింది. తరవాత ఆ లామినేషన్ ముక్కని వేలితో తట్టి వెనక్కి తోసేసింది. అసలు లైసెన్సు లేనిదే కారు ఇవ్వరని తోడొచ్చిన టూరు గైడు తెలుగులో చెప్పాడు. సన్యాసిరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరి మీదా కోప్పడటానికి లేదు, చేసింది తనే. కుర్చీలో కూలబడి, పోనీలే బస్సులో పోదామన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పైడితల్లి హ్యాండుబ్యాగు జిప్పు తీసింది. రుమాలు విప్పి, అసలు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. గుమాస్తా మాట ఆమె మరచిపోలేదు. మొగుడితో వాదన పెట్టుకోకుండా, బయలుదేరే ముందు బీరువా తెరిచి తెచ్చేసుకుంది.

"బండి ఇసయంలో మీ మాట ఎప్పుడూ కాదన్నేదు," అంది. "ఇదొక్కటీ ఇన్నేదు."

కారు రోడ్డెక్కింది. సన్యాసిరావు ఎడమ సీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. మలుపు వస్తే హారన్ కొట్టమన్నాడు, ముందు బండికి దూరం ఇమ్మన్నాడు. ఆయన పక్కనే సముద్రం నీలంగా, ఆకుపచ్చగా మెరిసిపోతోంది. ఆయన కళ్లు మాత్రం రోడ్డు వదల్లేదు. చాలాదూరం పోయాక ఆమె వేగం తగ్గించింది.

"రోడ్డు నాను సూత్తాను. మీరు తల తిప్పి సముద్రాన్ని సూడండి."

ఆయన తల తిప్పాడు. మళ్లీ చాలాసేపటి వరకు ఇటు తిరగలేదు. అప్పటినుంచి హారన్ మాట కూడా ఎత్తలేదు.

నా గడువు తీరి చాలాకాలమైంది. బీరువాలో పాత ఇన్సూరెన్సు కాగితాల కింద పడి ఉన్నాను. అయినా నాకేమీ దిగులు లేదు, అంతటి మనిషి తరఫున సాక్ష్యం చెప్పాను, చాలు. సన్యాసిరావుకి చూపు ఇంచుమించు పోయింది. టైర్లు మార్పించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్లు, ఫారిన్ వెళ్లొచ్చావట, ఏం చూశావని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆయన జవాబు కొట్టులోంచి ఇంట్లోకి వినిపిస్తుంది.

"బండి మా ఇంటిది తోలింది. నాను సముద్రం సూసినాను."